మన జైళ్లలో ఖైదీలు తక్కువేనా? 14 నెలలుగా విచారణ ఖైదీగా ఉన్న తమ్ముడి కోసం ఒక అక్క ప్రశ్న

ప్రశ్న: మా తమ్ముడు సెల్‌ఫోన్ దొంగతనం కేసులో 14 నెలలుగా జైల్లో ఉన్నాడు. చార్జిషీట్ వేశారు కానీ సాక్షుల విచారణ మొదలు కాలేదు. బెయిల్ వచ్చినా ఇద్దరు జామీనుదార్లు దొరక్క బయటికి రాలేకపోయాడు. ఇంతకుముందు వాడి మీద ఏ కేసూ లేదు. ఈమధ్య తెలిసినాయన ఒకరు, "అమెరికాలో లక్ష మందికి 500 మందికి పైగా జైల్లో ఉన్నారు, మన దగ్గర 40 మందే. మన చట్టాలు మెత్తన, నేరాలూ తక్కువే" అన్నారు. మరి మావాడు ఇన్నాళ్లు ఎందుకు లోపల ఉన్నాడు? ఇలాంటి దేశాల లెక్కలు కోర్టులో చూపిస్తే ఏమైనా ఉపయోగం ఉంటుందా?

సమాధానం: కోర్టులో ఆ లెక్కలతో పని లేదమ్మా. మీకు పనికొచ్చే లెక్క ఒకటే, అది మీ ఉత్తరంలోనే ఉంది: 14 నెలలు. దాని సంగతి వివరంగా చెబుతాను. కానీ ఆయన మాట మిమ్మల్ని బాధపెట్టినట్టుంది కాబట్టి ముందు అది చూద్దాం.

ఆయన చెప్పిన అంకెల్లో తప్పు లేదు. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క ప్రకారం 2022 చివరికి మన జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు. జనాభాతో భాగిస్తే లక్షకు నలభై మంది చిల్లర. అమెరికా రేటు దీనికి పదింతల పైమాటే. ఆయన వదిలేసింది ఇంకొకటి ఉంది. ఆ 5,73,220 మందిలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే నలుగురిలో ముగ్గురు నేరం చేశారని ఏ కోర్టూ ఇంకా తేల్చలేదు. ప్రపంచం మొత్తం మీద చూస్తే ఖైదీల్లో ఇలాంటివాళ్లు సుమారు మూడో వంతు. అప్పటికి మన జైళ్లు 4,36,266 మందికి సరిపడా ఉండేవి, అంటే వంద మంది పట్టే చోట 131 మంది సర్దుకున్నారు. చట్టం మెత్తన అనే మాట ఆ గదుల్లో పడుకునేవాళ్ల ముందు నేను అనలేను.

పైగా జైలు రేటు తక్కువ అయినంత మాత్రాన నేరాలు తక్కువని అర్థం కాదు. జపాన్ రేటు కూడా మనకు దగ్గరగానే ఉంటుంది. అక్కడ ప్రాసిక్యూటర్లు బలం లేని కేసుల్ని కోర్టు దాకా తీసుకురారు, అందుకే విచారణకు వచ్చిన కేసుల్లో 99 శాతానికి పైగా శిక్ష పడుతుంది. మన దగ్గర 2022లో ఐపీసీ (అప్పటి భారత శిక్షాస్మృతి) కేసుల్లో శిక్షల శాతం 54 మాత్రమే. రెండు దేశాల జైలు రేట్లు పక్కపక్కనే ఉన్నా, ఆ అంకెల వెనక ఉన్న మనుషుల పరిస్థితి ఒకటి కాదు.

నేరాల లెక్కల్లో ఇంకా పెద్ద చిక్కుంది. స్వీడన్‌లో అత్యాచారాల రేటు చాలా ఎక్కువని తరచూ వింటుంటాం. అక్కడ ఒకే వ్యక్తి మీద ఒకే మనిషి పదిసార్లు చేసిన నేరాన్ని పది నేరాలుగా రాస్తారు. 2005లో నిర్వచనాన్ని విస్తరించారు, 2018లో సమ్మతి లేకపోతే చాలు అత్యాచారమే అని చట్టం మార్చారు. మన పద్ధతి దీనికి పూర్తిగా ఎదురు. ఒక ఎఫ్ఐఆర్‌లో ఎన్ని నేరాలున్నా అందులో అతి తీవ్రమైన ఒక్కదాన్నే బ్యూరో లెక్కిస్తుంది. అత్యాచారం చేసి చంపితే అది హత్యల పద్దులోకి వెళుతుంది. పెద్దల విషయంలో భర్త బలవంతం మన చట్టం ప్రకారం అత్యాచారమే కాదు. ఇలా ఉన్నప్పుడు రెండు దేశాల అంకెల్ని పక్కపక్కన పెట్టి ఎవరు మంచివాళ్లని తేల్చడం సరికాదు.

దేశం లోపల కూడా ఇదే కథ. కేరళ నేరాల రేటు పై వరసలో కనిపిస్తుంది. అక్కడ జనం ఫిర్యాదు చేస్తారు, పోలీసులు నమోదు చేస్తారు అన్నది అందులో పెద్ద భాగం. నేరం పెరగడం వేరు, నమోదు పెరగడం వేరు అని బ్యూరోనే తన నివేదికలో హెచ్చరించింది. కేసు కట్టకుండా వెనక్కి పంపిన స్టేషన్ కాగితం మీద శాంతిగా కనిపిస్తుంది. అందుకే 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు కాగ్నిజబుల్ నేరమైతే, అంటే పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చేయగల నేరమైతే, ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని చెప్పింది.

కాస్త నమ్మకంగా పోల్చగలిగేది హత్యల లెక్క, ఎందుకంటే శవాన్ని దాచడం కష్టం. 2022లో మన దేశంలో నమోదైన హత్య కేసులు 28,522, లక్షకు సుమారు రెండు. ఐక్యరాజ్యసమితి లెక్కలో 2021 ప్రపంచ సగటు 5.8. ఇది నిజంగా ఊరటే. అయితే ఏటా ఆరు వేలకు పైగా ఉండే వరకట్న మరణాలు మన హత్యల పద్దులో ఉండవని మరిచిపోకూడదు.

ఇప్పుడు మీ తమ్ముడి సంగతి. మామూలు దొంగతనానికి, ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 303(2) కింద గరిష్ఠ శిక్ష మూడేళ్లు. పాత ఐపీసీ 379 కిందా అంతే. కేసుల విచారణ పద్ధతిని చెప్పే కొత్త చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 479 ప్రకారం, అంతకుముందు ఎప్పుడూ శిక్ష పడనివారు గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపల గడిపితే కోర్టు వాళ్లను బాండు మీద విడుదల చేయాలి. మూడేళ్లలో మూడో వంతు ఏడాది. మీ తమ్ముడికి అది ఎప్పుడో దాటిపోయింది. కేసు ఈ కొత్త చట్టాలు అమల్లోకి వచ్చిన 2024 జులై 1 కంటే ముందుదైనా ఈ సెక్షన్ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2024 ఆగస్టు 23న స్పష్టం చేసింది.

ఆ సెక్షన్‌లో 'బాండు' అనే మాటను గట్టిగా పట్టుకోండి. అదే చట్టం సెక్షన్ 2లో బాండు అంటే జామీనుదారు లేకుండా ఇచ్చే సొంత పూచీకత్తు అని రాసుంది. ఇద్దరు జామీనుదార్లు లేరన్నదే మీ అడ్డంకి అయితే, మీ వకీలు పిటిషన్‌లో ఈ నిర్వచనాన్ని తప్పకుండా చూపించాలి.

రెండు అడ్డంకులు ఉండొచ్చు. ఒకటికి మించి నేరాలుగానీ కేసులుగానీ పెండింగ్‌లో ఉంటే 479(2) విడుదలకు అడ్డుపడుతుంది, కాబట్టి చార్జిషీట్‌లో 303(2) ఒక్కటే ఉందా, దొంగసొత్తు సెక్షన్ కూడా చేర్చారా చూడండి. మీవాళ్ల వైపు నుంచి వాయిదాలు అడిగి ఆలస్యం చేసి ఉంటే ఆ రోజుల్ని తీసేస్తారు. అడ్డంకి ఉందని తేలినా చేతులు ముడుచుకోకండి. బెయిల్ వచ్చి నెలలోగా జామీను పెట్టలేకపోతే షరతులు సడలించాలేమో కోర్టు తనంతట తానే చూడొచ్చని సుప్రీంకోర్టు 2023 జనవరి 31న చెప్పింది. ఆ సడలింపు మీరే అడగండి.

ఇంకొక మాట. కేసు కొత్త చట్టం కిందిదై, ఫోను విలువ ఐదు వేల లోపు ఉండి, అది తిరిగి ఇచ్చేసి ఉంటే, నేరం రుజువైనా మొదటిసారి కాబట్టి పడే శిక్ష సమాజ సేవ మాత్రమే. జైలే లేని శిక్ష కోసం 14 నెలలు జైల్లో ఉన్నాడంటే నాకు చాలా బాధగా ఉంది. ఈ విషయం మేజిస్ట్రేట్ ముందు తప్పక చెప్పించండి.

గడువు పూర్తయిన ఖైదీ గురించి కోర్టుకు రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టడం జైలు సూపరింటెండెంట్ బాధ్యత అని 479(3) చెబుతోంది. ఈసారి ములాఖత్‌కు వెళ్లినప్పుడు కేసు నంబరు, రిమాండ్ తేదీ రాసి ఆయనకు అర్జీ ఇవ్వండి, దాని కాపీ మీద ముద్ర వేయించుకోండి. కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును పెట్టాలని 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం అంటోంది. అదే రోజు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేసి 'సెక్షన్ 479 కింద పిటిషన్ వేయాలి' అని ఆ మాటల్లోనే చెప్పండి.