హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి ఫ్లైట్ ఎన్ని గంటలు?

“మా తమ్ముడు మొదటిసారి దుబాయ్ పోతున్నాడు, హన్మకొండ నుంచి మొత్తం ఎంత టైమ్ పడుతుంది?” అని ఒకరు అడిగారు. శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ నుంచి దుబాయ్‌కి గాల్లో దాదాపు 2,550 కిలోమీటర్లు, డైరెక్ట్ ఫ్లైట్ అయితే సుమారు 4 గంటలు. వచ్చేటప్పుడు అరగంట దాకా తగ్గొచ్చు, ఎందుకంటే పైన గాలులు ఎక్కువగా పడమర నుంచి తూర్పుకే వీస్తాయి, అవి వెనక నుంచి తోస్తాయన్నమాట.

అందరూ తికమకపడేది టైమ్ దగ్గరే. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక. ఇక్కడ పొద్దున 10కి ఎక్కితే అక్కడ దిగేసరికి వాళ్ల గడియారంలో మధ్యాహ్నం 12:30, అది చూసి రెండున్నర గంటల ప్రయాణమే అనుకుంటారు! తిరుగు ప్రయాణంలో అక్కడ రాత్రి 10కి బయలుదేరితే ఇక్కడ తెల్లవారుజామున 3 అవుతుంది, తేదీ కూడా మారుతుంది, కారు మాట్లాడేటప్పుడు అది చూసుకోండి.

నిజానికి ఎక్కువ టైమ్ తినేది ఇటువైపే. హన్మకొండ నుంచి ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి శంషాబాద్ చేరడానికి మూడున్నర గంటలైనా పెట్టుకోండి, ఫ్లైట్‌కి 3 గంటల ముందే అక్కడ ఉండాలి. అంటే పొద్దున 10 ఫ్లైట్‌కి రాత్రి మూడున్నరకే ఇల్లు కదలాలి.