తుంగ కాడలకు గులాబీ గుడ్లు

ప్రశ్న: ఫ్లోరిడాలోని ఓర్లాండోలో మా అమ్మాయి వాళ్ల ఇంటి వెనక ఒక చెరువు ఉంది. అందులో తుంగ కాడలకు, నీటికి కాస్త పైన, ముదురు గులాబీ రంగు గుడ్ల గుత్తులు అంటుకుని ఉన్నాయి. అవి నత్త గుడ్లని, తీసేయాలని పొరుగువారు అన్నారు. ఈ నత్తల వల్ల ఇక్కడి అరుదైన గద్దకు మేలే జరిగిందని మా అల్లుడుగారు అంటున్నారు. ఎవరి మాట వినాలి?
— ఒక పాఠకురాలు

జవాబు: మీ అల్లుడుగారి మాటలో నిజం ఉంది, అయినా గుడ్లను తీసేయండి. అవి దక్షిణ అమెరికా నుంచి అక్వేరియం వ్యాపారం ద్వారా వచ్చిన పోమేషియా మాక్యులాటా నత్తవి. ఫ్లోరిడా సొంత నత్త తెల్లని గుడ్లను పదుల సంఖ్యలో పెడితే, ఇది ఒక్కో గుత్తిలో వెయ్యికి పైగా పెట్టగలదు. వాటిలో నాడులను దెబ్బతీసే విషప్రోటీన్ ఉన్నందువల్ల వాటిని తినే జీవులు చాలా తక్కువ. మొప్పలతోపాటు ఊపిరితిత్తి కూడా ఉండటంతో ఈ నత్త ప్రాణవాయువు తగ్గిన నీటిలోనూ బతుకుతుంది, చెరువు ఎండితే మూత బిగించుకుని నెలల తరబడి బురదలో ఉండిపోతుంది.

నత్తలే ప్రధాన ఆహారమైన ఆ గద్దలు, ఫ్లోరిడాలోని టోహోపెకలైగా సరస్సులో ఈ నత్త వ్యాపించాక, అక్కడ ఎక్కువగా గూళ్లు కట్టుకున్నాయి. పెద్ద నత్తలను పట్టుకోలేక మొదట తడబడ్డ ఆ పక్షుల ముక్కులు కొద్ది తరాల్లోనే పెద్దవయ్యాయని 2017లో వెలువడిన ఒక పరిశోధన తెలిపింది. ఇది అబ్బురమే కానీ, చేపపిల్లలకు, పురుగులకు నీడనిచ్చే నీటిమొక్కలను ఇదే నత్త మేసేస్తుంది. మొక్కలు పోయిన నీటిలో నాచు పెరుగుతుంది. గద్ద కడుపు నిండినంత మాత్రాన చెరువు బాగున్నట్లు కాదని నా అభిప్రాయం.

చేతులకు తొడుగులు వేసుకుని, గుడ్లు గులాబీ రంగులో ఉన్నప్పుడే గీకి నీటిలో పడేయండి. మునిగితే చాలావరకు పాడవుతాయి. రంగు వెలిసిన గుడ్లు పిల్లలయ్యే దశకు వచ్చి ఉంటాయి కనుక వాటిని నలిపివేయాలి. పదుల సంఖ్యలోనే ఉండే తెల్లని గుడ్లు సొంత నత్తవి, వాటిని ముట్టుకోవద్దు. నత్తలను చంపడానికి మైలుతుత్తం చల్లితే మిగతా జీవులూ చస్తాయి.

ఇదే జాతికి దగ్గరి నత్తను 1980 ప్రాంతంలో తిండి కోసం తైవాన్‌కు తెచ్చారు. అది అక్కడా, తరువాత ఫిలిప్పీన్స్‌లోనూ లేత వరినారును మేసే పెద్ద బెడదగా మారింది. మన చెరువుల్లోని పెద్ద నత్త గట్టు మట్టిలో తెల్లని గుడ్లు పెడుతుంది కాబట్టి, కాడలపై గులాబీ గుత్తులు కనిపిస్తే రైతులు వ్యవసాయాధికారికి తెలపాలి. ఇక, నత్తల కూర మనలో కొందరికి ఇష్టమే అయినా ఓర్లాండో నత్తలతో ఆ ప్రయత్నం చేయవద్దు. సరిగా ఉడకని వాటి ద్వారా మెదడు పొరలకు వాపు తెచ్చే పురుగు సోకవచ్చు.