చారిత్రక డిటెక్టివ్ నవల సొంతంగా వేసుకునే అమ్మాయికి

చిరంజీవికి,

ఆశీస్సులు. నీ రాతప్రతి చదివాను. 1895, రాజమండ్రి, వానాకాలం, ఒక ప్లీడరు గారింట్లో హత్య. కాలం, ఊరు బాగా ఎంచుకున్నావు. పెద్ద లోపం ఒకటుంది: ఆ హత్యని 1965కి జరిపినా కథకి ఏమీ కాదు. ఈ రకం నవలలో చిక్కుముడి ఆ ఏడాదిలోనే పడాలి, ఆ ఏడాది పరిస్థితులతోనే విడిపోవాలి. పాఠకుడు డబ్బు పెట్టి కొనేది దాన్నే. రేపు పుస్తకం అమ్ముకోవడానికి పనికొచ్చేదీ అదే. అందుకని ముందు దాని సంగతి చూద్దాం.

టైముతో మొదలుపెట్టు. నీ వంటావిడ "పదీ నలభైకి అరుపు వినపడింది" అంటుంది. ఆవిడకి గడియారం ఎక్కడిది? "జాము పొద్దుపోయాక" అంటుంది. జాము అంటే మూడు గంటలు, ఘడియ అంటే 24 నిమిషాలు. సాక్షి మాటలోనే గంటో అరగంటో సందు ఉంది, నీ హంతకుడు దూరాల్సింది అందులోనే. పైగా రైలు స్టేషన్లో నడిచేది మద్రాసు టైము. రాజమండ్రిలో సూర్యుణ్ణి బట్టి చూసే వేళ దానికన్నా ఆరు నిమిషాలు ముందుంటుంది. దేశానికంతటికీ ఒక టైము పెట్టింది 1906లో. ప్లీడరు గారి గోడగడియారం దేన్ని చూసి సరిచేస్తారన్న ప్రశ్న మీద ఒక అధ్యాయం మొత్తం నడపొచ్చు. తిథులు కూడా చూసుకో. హత్య బహుళ చతుర్దశి నాడని రాసి, అదే రాత్రి తోటలో వెన్నెల కాయించావు. పంచాంగంలో వెతకాలంటే, 1895–96 మన్మథ నామ సంవత్సరం. కథ జరిగే ప్రతి రోజుకీ తిథి, చంద్రోదయం, వాన, గోదావరి మట్టం ఒక కాగితం మీద రాసి గోడకి అంటించుకో.

హంతకుడు రాత్రికి రాత్రి రైల్లో గోదావరి దాటి బెజవాడ పారిపోయాడన్నావు. గోదావరి మీద వంతెన మీదుగా రైలు నడిచింది 1900లో. 1895లో అతను కొవ్వూరు చేరాలంటే దాదాపు మూడు కిలోమీటర్ల వెడల్పున్న ఏరు పడవ మీద దాటాలి, అదీ శ్రావణమాసం వరదలో. ఇది నీకు నష్టం కాదు, వరం. పడవవాడు సాక్షి అవుతాడు. రేవులో ఎదురుచూసిన వేళ ఆచూకీ అవుతుంది.

చట్టం దగ్గర ఇంకా జాగ్రత్త. చివరి అధ్యాయంలో దోషి ఇన్‌స్పెక్టరు ముందు అంతా ఒప్పేసుకుంటాడు, కథ అయిపోతుంది. 1872 సాక్ష్య చట్టం 25వ సెక్షన్ ప్రకారం పోలీసు అధికారి దగ్గర చేసిన ఒప్పుకోలు కోర్టులో నిలవదు. 27వ సెక్షన్ ఒక దారి ఉంచింది: ముద్దాయి చెప్పిన మాట వల్ల ఒక వస్తువు దొరికితే, దానికి సంబంధించినంత వరకు ఆ మాట చెల్లుతుంది. కాబట్టి వాణ్ణి ఏడిపించడం మానేసి, కాలవలో పారేసిన రాగిచెంబు ఎక్కడుందో చెప్పించు. కథలోంచి వేలిముద్రల సంగతి తీసెయ్యి. కలకత్తాలో వేలిముద్రల బ్యూరో పెట్టిందే 1897లో. విషం సంగతైతే, కడుపులోంచి తీసిన భాగాలు సీసాలో పెట్టి మద్రాసు కెమికల్ ఎగ్జామినర్‌కి పంపాలి. జవాబు మర్నాటికి రాదు, ఆ ఎదురుచూపుని కథలో వాడుకో. పాషాణం (ఆర్సెనిక్) పరీక్షకి దొరుకుతుంది. గన్నేరు, ఉమ్మెత్త లాంటివి పట్టుకోవడం ఆ రోజుల్లో కష్టం. ఇంకొకటి, కలెక్టరు ఉండేది కాకినాడలో, జిల్లా జడ్జి రాజమండ్రిలో. నువ్వు ఇద్దర్నీ ఒకే వీధిలో కాపురం పెట్టించావు.

ఇవన్నీ ఎక్కడ దొరుకుతాయంటావా? 1907లో ఎఫ్.ఆర్. హెమింగ్వే అనే ఐ.సి.ఎస్. అధికారి రాసిన గోదావరి జిల్లా గెజిటీర్ (జిల్లా వివరాల ప్రభుత్వ గ్రంథం) నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. పాత పత్రికల కోసం రాజమండ్రి గౌతమీ గ్రంథాలయానికి, వేటపాలెం సారస్వత నికేతనానికి వెళ్లు. వార్తలకన్నా ప్రకటనలు శ్రద్ధగా చూడు. ధరలు, మందులు, వస్తువుల పేర్లు వాటిలోనే ఉంటాయి. మాటకి అనుమానమొస్తే బ్రౌను నిఘంటువు. తెలిసిందంతా నవలలో కుమ్మరించకు. కేసుకి పనికిరాని వివరం ఎంత ముద్దొచ్చినా తీసెయ్యి.

ఇక అచ్చు. నువ్వు యూనికోడ్‌లో టైపు చేశావు. చాలా డీటీపీ సెంటర్లు ఇప్పటికీ యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలోకి మార్చి పేజీలు కడతాయి. తప్పులు ఆ మార్పిడిలోనే పుడతాయి. "ఇన్‌స్పెక్టర్" లాంటి మాటల్లో పొల్లు అతుక్కుపోతుంది, అరుదైన సంయుక్తాక్షరాలు విడిపోతాయి. నీ పాతకాలపు ఉత్తరాల్లోని అరసున్నలు, బండి ఱలు ఎగిరిపోవచ్చు. ఆ ఉత్తరంలో అరసున్న లేకపోవడమే నీ నవల్లో ఆధారం కదా! అది డీటీపీలో పోతే కథే పోయినట్టు. అందుకని చివరి ప్రూఫు పేజీలు కట్టాక, కాగితం మీద చదువు, నీ ఫైలు పక్కన పెట్టుకుని. డెమ్మీ 1/8 సైజులో ఫారానికి, అంటే అచ్చేసి మడిచే ఒక్కో పెద్ద కాగితానికి, 16 పేజీలు. 208 అంటే సరిగ్గా 13 ఫారాలు. 211 వచ్చిందా, మూడు పేజీలు కోసెయ్యి. ఐ.ఎస్.బి.ఎన్. (పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) కోసం ఎవరికీ డబ్బులివ్వకు, రాజా రామమోహన్ రాయ్ ఏజెన్సీ ఉచితంగానే ఇస్తుంది.

మొదట 300 కాపీలు చాలు. వెల కట్టేటప్పుడు పుస్తకాల షాపు కమీషన్ మర్చిపోకు. 200 రూపాయల పుస్తకం మీద నలభై శాతం పోతే నీకు మిగిలేది 120. కాపీకి అచ్చు ఖర్చు 75 అయితే మిగతా 45లోనే ప్యాకింగు, సమీక్షకి పంపే రెండేసి ప్రతులు, అమ్ముడుపోనివి సర్దుకోవాలి. కాబట్టి కనీసం సగం కాపీలు నువ్వే నేరుగా అమ్మేలా చూసుకో: వాట్సాప్‌లో ఆర్డరు, యూపీఐలో డబ్బు, పిన్‌కోడ్, ఫోన్ నంబరుతో సహా ఒక పట్టీ. ఈబుక్ చెయ్యాలనుకుంటే ముందు అమెజాన్ కిండిల్ తీసుకునే భాషల జాబితా చూడు. కిండిల్ 2016లో సొంత ప్రచురణకి తెరిచిన ఐదు భారతీయ భాషల్లో తెలుగు లేదు.

ప్రచారం పుస్తకం రావడానికి ఆరు వారాల ముందే మొదలవ్వాలి. "నా నవల వస్తోంది" అంటే ఎవరూ ఆగి చదవరు. "1895లో రాజమండ్రి స్టేషన్ గడియారం ఊరికన్నా ఆరు నిమిషాలు వెనక" అని రాస్తే ఆగుతారు, పదిమందికి పంపుతారు. వారానికి ఒక సంగతి, పాత ఫొటోనో మ్యాపో జతచేసి, చివర ఒక్క వాక్యంలో పుస్తకం పేరు. కథ చెప్పకు.

మన దగ్గర డిటెక్టివ్ నవలని చంపేవి రెండు: ముందుమాటలు, ఆవిష్కరణ సభలు. ముందుమాట రాసిన పెద్దాయన అభిమానం కొద్దీ రెండో పేరాలోనే హంతకుణ్ణి పట్టించేస్తాడు. ముందుమాటలు అసలు వద్దు. ఏది చరిత్ర, ఏది కల్పనో చెప్పే నీ మాట పుస్తకం చివర వెయ్యి. సభ పెడితే రాజమండ్రిలోనే పెట్టు. వక్తల్ని ఆనాటి ఊరి గురించి మాట్లాడమను, కథ ఐదో అధ్యాయం దాటి చెప్పొద్దని ముందే బతిమాలుకో. డిసెంబరులో హైదరాబాద్, జనవరిలో విజయవాడ పుస్తక ప్రదర్శనలుంటాయి. అచ్చు పని నవంబరు మధ్యకల్లా ముగిసేలా చూసుకో.

పుస్తకం చదివి ఎవరో ఒకరు తప్పు పట్టుకుంటారు, ఆ ఊరివాళ్లే ఎక్కువగా. వాదించకుండా పేజీ నంబరుతో రాసుకుని, రెండో ముద్రణలో దిద్దు. ముందు ఆ వెన్నెల అధ్యాయం తిరగరాసి పంపు.

ఆశీస్సులతో