రోడ్డు లెక్క చెల్లదన్నా, గోడ నుంచి కొలుస్తరు

అన్నా, "కాజీపేటల మా కిరాణం నుంచి బడి గేటుకు రోడ్డు మీదుగా 150 మీటర్లుంటది, అయినా సిగరెట్లు అమ్మినందుకు ఫైన్ ఎట్ల రాసిన్రు" అని అడిగినవ్. గేటుతోటి పనే లేదు. 2003 కోట్పా, అంటే సిగరెట్, పొగాకు అమ్మకాల చట్టం కింద బడి కాంపౌండ్ గోడ నుంచి అన్ని దిక్కుల 100 గజాలు, అంటే దగ్గరదగ్గర 91 మీటర్లు, సూటిగ కొలుస్తరు. నీ షాపు వెనక గోడకు ఆనుకొనే బడి ఉందంటున్నవ్. ఇగ సిగరెట్, బీడీ, జర్దా ఏదీ అమ్మరాదు. ఫైన్ 200 దాకనే, కొట్లాడుడు దండగ.

అసలు భయపడాల్సింది వేరే ఉంది. స్కూల్ డ్రెస్సుల పిల్లగాడు "మా నాయినకు" అని అడిగినా ఇయ్యకు. 18 ఏండ్లు నిండనోళ్లకు పొగాకు ఇస్తే జువెనైల్ జస్టిస్ చట్టం 77వ సెక్షన్ పడ్తది: ఏడేండ్ల దాక జైలు, లక్ష దాక జరిమానా. ఏజెంట్ ఫ్రీగా కట్టిపోయిన సిగరెట్ బ్రాండ్ ఫ్లెక్సీ ఇయ్యాల్నే పీకెయ్. కేసైతే ఆయన రాడు. వేప్‌లు, అంటే ఈ-సిగరెట్లు, పెట్టుమంటే అసలే ఒప్పుకోకు, 2019 నుంచి దేశమంతట బంద్, దాచిపెట్టినా నేరమే.

షాపు మారుస్తనంటే, అడ్వాన్స్ ఇచ్చేముందే ఫోన్ల మ్యాప్ తెరిచి కొలుచుకో. హన్మకొండ దిక్కు అయితే గల్లీకో కాలేజీ, అవి గూడ లెక్కలకే వస్తయ్.