ఐర్లండ్ పల్లె మీద చారిత్రక నవల చదువుతున్నాను. పిల్ల ఏ బడికి వెళ్లాలన్న దాని మీద ఊరంతా కొట్టుకోవడం నిజంగా జరిగేదా?

జరిగేదండి. మీ నవలలోలాగే కాథలిక్ భర్త, ప్రొటెస్టెంట్ భార్య, మధ్యలో బడి గొడవ. నేను వెక్స్‌ఫర్డ్ కౌంటీలో నర్సుగా పనిచేస్తున్నాను. ఇలాంటి కథలు చదివినప్పటికన్నా, ఇక్కడి పెద్దవాళ్లు చెబుతుంటే విన్నాక నాకు బాగా అర్థమయ్యాయి.

ఇదే కౌంటీలో ఫెదర్డ్-ఆన్-సీ అనే చిన్న ఊరుంది. షీలా క్లోనీ ప్రొటెస్టెంట్, భర్త షాన్ కాథలిక్ రైతు. 1957లో పెద్దమ్మాయిని కాథలిక్ బడిలోనే చేర్చాలని ఊరి ఫాదర్ పట్టుబట్టారు. ఆమె ఏప్రిల్‌లో ఇద్దరు కూతుళ్లనూ తీసుకుని చెప్పాపెట్టకుండా వెళ్లిపోయింది. ముందు బెల్‌ఫాస్ట్, తర్వాత స్కాట్లండ్‌లోని ఓర్క్నీ దీవులు. ఊళ్లోని ప్రొటెస్టెంట్లే ఆమెకు సాయం చేశారన్న అనుమానంతో మే నుంచి వాళ్లందరినీ వెలేశారు. వాళ్ల కొట్లలో సరుకులు కొనలేదు, వాళ్ల దగ్గర పాలు పోయించుకోలేదు, సంగీతం టీచర్ దగ్గరికి పిల్లల్ని పంపలేదు. షాన్ మాత్రం ఈ వెలికి ఒప్పుకోలేదు. నాకు ఈ మొత్తంలో గొప్పగా అనిపించే మనిషి ఆయనే. గాల్వే బిషప్ వెలిని సమర్థిస్తే, ప్రధాని డి వలేరా జులైలో పార్లమెంటులో ఖండించారు. చివరికి తల్లీపిల్లలు తిరిగొచ్చారు. పిల్లలు ఏ బడికీ వెళ్లకుండా ఇంట్లోనే చదువుకున్నారు.

బడి దగ్గరే ఎందుకంటే, 1908లో అమల్లోకి వచ్చిన ‘నే తెమెరే’ అనే పోప్ శాసనం తర్వాత ఇలాంటి పెళ్లిళ్ల మీద పట్టు బిగిసింది. పుట్టే పిల్లలందరినీ కాథలిక్కులుగా పెంచుతామని మాట ఇస్తేనే చర్చిలో పెళ్లి. 1950లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటకు కట్టుబడాల్సిందే అంది. అటు ప్రొటెస్టెంట్ల సంఖ్య, ఇప్పటి రిపబ్లిక్ ప్రాంతంలో, 1911లో సుమారు 10 శాతం ఉంటే 1961 నాటికి అందులో సగమైంది. ప్రతి పెళ్లికీ ఒక తరం చేజారిపోతోందన్న భయం వాళ్లది. కాథలిక్కులకేమో తాతముత్తాతలు తమది కాని ప్రొటెస్టెంట్ చర్చికి పన్ను కట్టిన కోపం. కట్టకపోతే ఆవుల్ని తోలుకుపోయేవారు. 1830లలో దాని మీదే రక్తపాతం జరిగింది.

నా దగ్గర ఉన్న ఒక పెద్దాయన (కాథలిక్) చెప్పిన సంగతి ఒకటి. పక్క పొలం ప్రొటెస్టెంట్‌తో కలిసి ఏటా గడ్డి కోసేవారట. ఆ స్నేహితుడు చనిపోయిన రోజు చర్చి గేటు బయట, వానలో, టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డారట. లోపలికి వెళితే పాపమని నేర్పారు. పెట్టె బయటికి రాగానే భుజం పట్టారట. అదేదో పల్లెటూరి చాదస్తం అనుకోకండి. 1949లో దేశ తొలి అధ్యక్షుడు, ప్రొటెస్టెంట్ అయిన డగ్లస్ హైడ్ అంత్యక్రియలప్పుడు ప్రధాని, కాథలిక్ మంత్రులు చాలావరకు డబ్లిన్ చర్చి బయట కార్లలోనే కూర్చున్నారు.

అందుకే నవలలో చావు, కోత, పాలకేంద్రం ఉన్న పేజీల్ని వేగంగా తిప్పేయకండి. ఫాదర్ ప్రసంగాల్లో కన్నా అసలు గొడవ అక్కడే కనిపిస్తుంది. రచయిత ఫాదర్‌ను ఒట్టి దుర్మార్గుడిగా చూపించి ఆ ఆవుల కథ వదిలేసి ఉంటే మాత్రం, అది సగం నవలే అంటాను.