ఓనరు తాళం ఇవ్వకపోతే అడ్వాన్స్ మాటేమిటి?

ప్రశ్న: మాది బొబ్బిలి. మావారికి విజయనగరం బదిలీ అయింది. తోటపాలెంలో కింది పోర్షన్ అద్దెకు మాట్లాడుకున్నాం. నెలకు 9,000. రెండు నెలల అడ్వాన్స్ 18,000 ఫోన్‌పేలో కట్టి, 11 నెలలకు అగ్రిమెంట్ రాసుకున్నాం. జులై 1న సామాన్ల వ్యాన్‌తో వెళ్తే పాత అద్దెవాళ్లు ఇంట్లోనే ఉన్నారు. ‘ఆషాఢంలో ఇల్లు మారం, శ్రావణం రానివ్వండి’ అంటున్నారు. ఓనరేమో అందాకా సామాన్లు కారు షెడ్డులో పెట్టుకోమంటున్నాడు. మాకు ఇల్లు వద్దంటే అగ్రిమెంట్ ప్రకారం ఒక నెల అద్దె కోస్తాడట. పిల్లలతో లాడ్జిలో ఉన్నాం. ఏం చేయమంటారు?
– ఒక సోదరి

జవాబు: అమ్మా, సామాన్లు షెడ్డులో మాత్రం దించకండి. ‘ఒకటో తారీఖునే చేరిపోయారు, అద్దె తీయండి’ అని రేపు ఆయనే అనగలడు. కోర్టులో ఇంతకంటే విడ్డూరమైన వాదనలు విన్నాను.

పాత అద్దెవాళ్లతో గొడవ పడొద్దు. వాళ్లకూ మీకూ ఒప్పందమేమీ లేదు. అడిగిన అద్దెదారుకు ఇల్లు స్వాధీనం చేయాల్సింది యజమానే అని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ చెబుతోంది. ఆషాఢం బాధ ఆయన పడాలి. అయితే వాళ్లకు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చాడో లేదో అడగండి. నోటి మాటే అయితే శ్రావణంలోనైనా ఖాళీ చేస్తారన్న భరోసా లేదు, బలవంతంగా గెంటే హక్కు ఆయనకూ లేదు.

ఇక ఇల్లు కావాలా, డబ్బు కావాలా అన్నది మీ ఇద్దరూ ఈ రాత్రే తేల్చుకోండి. ఇవాళ ఒకటి, రేపు ఒకటి అంటే ఓనరుకే లాభం.

డబ్బే కావాలంటే, ఒకటో తారీఖున ఇల్లు అప్పగించలేదు కాబట్టి ఒప్పందం రద్దు చేసుకుంటున్నామని, ఫలానా తేదీలోగా 18,000 తిరిగి ఇవ్వాలని వాట్సాప్‌లోనూ రిజిస్టర్డ్ పోస్టులోనూ రాయండి. ఒక నెల కోత మీరు మనసు మార్చుకుంటే పడేది. ఇక్కడ మాట తప్పింది ఆయన. వ్యాన్ కిరాయి, లాడ్జి ఖర్చు కూడా కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ కింద అడగొచ్చు. కాకపోతే మామూలు లాడ్జి చాలు, ఏసీ సూట్ బిల్లు పెడితే జడ్జిగారు ఒప్పుకోరు. వ్యాన్ అతను రసీదు ఇవ్వకపోయినా ఫోన్‌పేలో కట్టి ఉంటే అదే సాక్ష్యం.

ఆగుదామనుకుంటే ఇంకో మెలిక ఉంది. ఆలస్యంగా ఇచ్చిన ఇంట్లో కిక్కురుమనకుండా చేరితే, ఆ ఆలస్యానికి నష్టపరిహారం అడిగే వీలు పోతుంది. కాంట్రాక్టు చట్టం 55వ సెక్షన్ మాట అది. తాళం తీసుకునేటప్పుడే ‘ఖర్చులు అడిగే హక్కు వదులుకోవడం లేదు’ అని రాసివ్వండి. అద్దె తాళం ఇచ్చిన రోజు నుంచే అని అగ్రిమెంట్ మీద ఆయన చేత సంతకం పెట్టించండి.

పోలీస్ స్టేషన్‌కు వెళ్తే సివిల్ గొడవంటూ పంపేయడం ఖాయం. అంతకంటే కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు. కేసు వేయకముందే ఓనరును పిలిపించి రాజీకి కూర్చోబెడతారు. ముందుగా 15100కు ఫోన్ చేసి కనుక్కోవచ్చు. వెళ్లేటప్పుడు అగ్రిమెంట్ జిరాక్స్ ఇవ్వండి, ఒరిజినల్ మీ దగ్గరే ఉంచుకోండి.