నోటు రాయమంటే నమ్మకం లేనట్టా?

ప్రశ్న: మా పిన్ని కొడుకు దుకాణం పెట్టుకుంటానని లక్షన్నర అప్పు అడిగాడు. ఇవ్వాలనే ఉంది. ప్రామిసరీ నోటు రాయమంటే నొచ్చుకుంటాడేమో. నోటిమాట మీద ఇచ్చేయనా?
– ఒక సోదరి, తెనాలి

జవాబు: రాయించుకోండమ్మా. అప్పు దగ్గర అయినవాళ్లు విడిపోయేది మోసం వల్లనే కాదు, మరుపు వల్ల కూడా. వడ్డీ నూటికి రూపాయా, రూపాయిన్నరా? సంక్రాంతికి ఇచ్చిన పది వేలు అసలుకు జమా, వడ్డీకా? రెండేళ్లయ్యాక ఇద్దరికీ రెండు లెక్కలు గుర్తుంటాయి. ఇద్దరూ నిజమే చెబుతున్నామనుకుంటారు. ‘నువ్వు కట్టిందంతా దీని వెనకే ఉంటుంది, ఇది నీకూ రక్షణే’ అని తమ్ముడికి చెప్పండి.

నోటులో తేదీ, ఊరు, అతని పేరు, తండ్రి పేరు, చిరునామా, మీ పేరు, అంకెల్లోనూ అక్షరాల్లోనూ అసలు, వడ్డీ రేటు, ‘కోరినప్పుడు చెల్లించగలవాడను’ అన్న మాట ఉండాలి. రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించి, సంతకం స్టాంపు మీదుగా కాగితం మీదికి సాగేలా చేయించండి. స్టాంపు లేని నోటు కోర్టులో సాక్ష్యానికి పనికిరాదు. తర్వాత జరిమానా కట్టి సరిచేసుకునే వీలూ లేదు. సాక్షులు ఉండాలని చట్టం అనదు గానీ, ఇద్దరుంటే మేలు. ఖాళీ నోటు మీద మాత్రం సంతకం తీసుకోకండి. అది అతని మెడ మీద కత్తి పెట్టడమే. నమ్మకం మీ వైపు నుంచీ ఉండాలి కదా.

సొమ్ము బ్యాంకు ద్వారానే పంపండి. 20,000 రూపాయలు, అంతకు మించిన అప్పు నగదుగా పుచ్చుకుంటే ఆదాయపు పన్ను చట్టం కింద అంత మొత్తమూ జరిమానా పడవచ్చు, అదీ తీసుకున్నవాడికి.

చాలామంది పొరబడేది గడువు దగ్గర. దావాకు 3 ఏళ్లు నోటు తేదీ నుంచే లెక్క, మీరు అడిగిన రోజు నుంచి కాదు. కొంత కట్టినప్పుడల్లా నోటు వెనక తేదీ, మొత్తం రాయించి అతని సంతకంతో చెల్లు వేయించండి. గడువు లోపల వేసిన చెల్లు నుంచి మళ్లీ 3 ఏళ్లు మొదలవుతాయి. అతని సంతకం లేకుండా మీరే రాసుకున్న చెల్లుతో గడువు పెరగదు.

బాకీ తీరిన రోజే ‘పూర్తిగా ముట్టినది’ అని రాసి, సంతకం చేసి, నోటు అతని చేతికివ్వండి. ‘వెతికి ఇస్తాలే’ అన్నచోట కొత్త తగాదా మొదలవుతుంది.

ప్రశ్న: నమ్మకం కలిగించి వర్తకం పెంచుకున్న పాలకులు మన చరిత్రలో ఉన్నారా?
– ఒక డిగ్రీ విద్యార్థి, ఖమ్మం

జవాబు: బాపట్ల జిల్లా మోటుపల్లి వీరభద్రస్వామి గుడికి వెళ్లి చూడండి. కాకతి గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం అక్కడిదే. అంతకుముందు తుపానుకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు రాజులు లాక్కునేవారు. గణపతిదేవుడు ఆ సొత్తు వర్తకులదేనన్నాడు. ఏర్పరచిన సుంకం తప్ప ఏమీ తీసుకోనన్నాడు. ఎగుమతికైనా దిగుమతికైనా ముప్పయ్యో వంతు.

ఇందులో నాకు గొప్పగా తోచేది ఆ అంకె. దయ చూపుతానంటే వర్తకుడికి లెక్క తేలదు. ముప్పైలో ఒకటి అంటే ఓడ ఎక్కకముందే లాభనష్టాలు కట్టుకోగలడు. అయితే రాజ్యం మారితే పాత రాజు మాటకు విలువ ఉంటుందా అన్న భయం వాళ్లకు ఉండే ఉంటుంది. 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి వర్తకులకు అభయమిస్తూ అదే మోటుపల్లిలో మళ్లీ శాసనం వేయించాడు.